పని వాసన

పాలిష్ మేస్త్రి సాయంత్రం ఇంటికొచ్చి గుమ్మంలో చెప్పులు విప్పుతుండగానే భార్య ఏదో ఒక వంకతో దగ్గరికి వస్తుంది. ఆ సంచీ ఇలా ఇవ్వండి అంటుంది. కాలరు మీద దారప్పోగుంది, ఉండండి అంటుంది. ఏ వంకా దొరక్కపోతే, దుమ్ము వస్తోందంటూ ఆయన భుజం పక్కనుంచి చెయ్యి చాచి కిటికీ రెక్క మూస్తుంది. అలా వచ్చి, ఒక్క క్షణం ఊపిరి లోపలికి పీల్చి చూస్తుంది. అంతే. తర్వాత ఏమీ ఎరగనట్టు మిషను ముందుకు వెళ్ళి, సగంలో ఆపిన కర్టెన్ మళ్ళీ సూది కిందికి లాక్కుంటుంది.

ఆయనకు సంగతి తెలుసు. ఆయనకు తెలుసని ఆమెకూ తెలుసు. అయినా ఇద్దరూ తెలియనట్టే ఉంటారు. నటన నేర్చుకోవాలనుకునేవాళ్ళు ఎక్కడికో పోనక్కర్లేదు, వీళ్ళింటి గుమ్మంలో ఒక సాయంత్రం నిలబడితే చాలు. మేస్త్రి తాగుడు మానేసి నాలుగేళ్ళు దాటింది. గొంతులోకి చుక్క దిగలేదు. దిగకపోతేనేం? తాటిచెట్టు కింద కూర్చుని పాలు తాగినా కల్లే అంటారు కదా, మరి ఆ చెట్టు కింద పాతికేళ్ళు కాపురం పెట్టినవాడి మాటేమిటి?

ఏ మాటకామాటే చెప్పుకోవాలి, ఆయన ఆమెను తప్పుపట్టడు. తప్పుపట్టడానికి తనకు నోరెక్కడిది అనుకుంటాడు. కాకపోతే ఆ ఒక్క క్షణం, ఆమె జుట్టు తన చెంపకు తగిలీ తగలనంత దగ్గరికి వచ్చినప్పుడు, ఆయన ప్రాణం కొట్టుకుంటుంది. ఏదో ఒక రోజు ఈ మనిషి వాసన కోసం కాకుండా ఊరికే నా దగ్గరికి వస్తే బావుణ్ణు అనుకుంటాడు. అరవైకి దగ్గరపడ్డవాడికి ఇదేం కోరికని నవ్వేవాళ్ళు నవ్వుకోవచ్చు. ఆయన కోరిక అదొక్కటే. రోజూ ఇంటికి నడిచి వచ్చేటప్పుడు దారి పొడుగునా అదే ఆలోచించేవాడు.

అసలు ఆమె ముక్కుకు ఆ విద్య నేర్పింది ఆయనే. ఆయనది పాత పద్ధతి పాలిష్ పని. లక్కను స్పిరిట్‌లో నానబెట్టి, దూదిని మెత్తటి గుడ్డలో ఉండచుట్టి, ఆ ద్రావకంలో ముంచి, చెక్క మీద సున్నాలు చుడుతూ రుద్దుకుపోవాలి. ఒక పొర ఆరాక ఇంకో పొర. అలా వేస్తూపోతే చివరికి చెక్క లోపల్నుంచి వెలుగు వచ్చినట్టు ఉంటుంది. ఆ పని చేసిన మనిషి ఒళ్ళంతా స్పిరిట్ వాసనే. పెళ్ళైన కొత్తలో ఆమెకు ఆ వాసన ఇష్టంగా కూడా ఉండేది. ఆయన చొక్కా ఉతికే ముందు ఒకసారి మొహానికి ఆనించుకునేది. ఆయన అది చాటుగా చూశాడు కూడా.

ఆ ఇష్టాన్నే ఆయన అడ్డం పెట్టుకున్నాడు, పాపం చేసుకున్నాడు. తాగి ఇంటికొచ్చిన మొదటి రోజు ఆమె అదోలా చూస్తే, “పని వాసనే పిచ్చిదానా” అన్నాడు. ఆమె నమ్మింది. నమ్మిందని ఇంకోరోజు తాగాడు. అలా ఎన్నేళ్ళు పని వాసనతో నెట్టుకొచ్చాడో లెక్కలేదు. మెల్లగా ఆమె ఆ రెండు వాసనలకూ తేడా పట్టడం నేర్చుకుంది. పట్టుకున్నాక మొదట్లో ఏడ్చింది, తర్వాత అరిచింది, పుట్టింటికి వెళ్ళింది, తిరిగొచ్చింది. చివరికి అన్నీ మానేసి ఒక పద్ధతి పెట్టుకుంది. ఆయన తాగొచ్చాడని తెలియగానే ముందుగదిలో చాప పరిచేది. ఒక దిండు, చెంబుతో నీళ్ళు, వాంతి వస్తే బకెట్టు. అవి పెట్టి లోపలికి వెళ్ళి, మధ్య తలుపుకు గడియ వేసేది. ఆ తర్వాత ఈయన తలుపు బాదినా, బతిమాలినా, బూతులు తిట్టినా లోపల్నుంచి ఉలుకూ పలుకూ ఉండేది కాదు. తెల్లారాక గడియ తీసి, కాఫీ గ్లాసు పెట్టి, ఒక్క మాట మాట్లాడకుండా తన పనిలో పడేది. వాళ్ళ కూతురు ఆ తలుపుకు లోపలి వైపునే పెరిగి పెద్దదై, పెళ్ళి చేసుకుని వెళ్ళింది.

మానేసిన వైనం కూడా చెప్పాలి. బుద్ధొచ్చి మానేశాడంటే అబద్ధమవుతుంది. ఒకరోజు ఫర్నిచర్ షాపు పెరట్లో ఒక బీరువా తలుపు ఎత్తబోయి, భళ్ళున నెత్తురు కక్కుకున్నాడు. షాపు ఓనరు, ఆయనతో చిన్నప్పట్నుంచీ పరిచయమున్నవాడు, కారు వెనక సీట్లో పడుకోబెట్టి ఆసుపత్రికి తీసుకుపోయాడు. సిర్రోసిస్ అన్నారు. కాలేయం మచ్చకట్టి గట్టిపడిపోయిందన్నారు. పోర్టల్ హైపర్‌టెన్షన్ అని ఇంకో పేరు కూడా చెప్పారు. డాక్టరమ్మ ఓపిక గల మనిషి, విడమరిచి చెప్పింది. పేగుల నుంచి వచ్చే రక్తమంతా కాలేయం గుండానే పోవాలట. కాలేయం దారివ్వకపోతే ఆ రక్తం ఊరుకోదు, పెద్దరోడ్డు మూసేస్తే బస్సులూ లారీలూ మన సందులోకి మళ్ళినట్టు సన్నటి నాళాల్లోకి తోసుకొస్తుందట. అన్నవాహిక గోడల్లోని నాళాలు ఆ ఒత్తిడికి ఉబ్బిపోయి, ఒకటి పగిలింది. గొంతులోంచి గొట్టం దింపి వాటికి రబ్బరు రింగులు బిగించారు. “బీపీ చూస్తేనేమో తక్కువంటారు, జబ్బు పేరు చూస్తేనేమో హైపర్‌టెన్షన్ అంటారు, నా దగ్గర ఏదీ తిన్నగా ఉండదు కదా డాక్టరమ్మా” అని మేస్త్రి అంటే, మంచం పక్కనున్న భార్య తప్ప అందరూ నవ్వారు.

తాగుడు మానేస్తే కాలేయం మళ్ళీ చిగురిస్తుందని ఆయన ఆశపడ్డాడు. మానేయడం వల్ల బతుకుతావు, మచ్చ మాత్రం మచ్చే అని డాక్టరమ్మ ఉన్నమాట చెప్పింది. ఇక అక్కడ్నుంచి మొదలైంది వరస. బరువులెత్తకూడదు. దొడ్డికి వెళ్ళినప్పుడు ముక్కకూడదు. గట్టిగా దగ్గకూడదంటే దగ్గు మన మాట వింటుందా? గుండెను నెమ్మదిగా కొట్టించే మాత్ర ఒకటి, పొట్టలో చేరే నీరు తోడెయ్యడానికి ఒకటి. కూరలో ఉప్పు ఉన్నా లేనట్టే. అన్నిటికీ మించి ఒక సిరప్. పాకంలా తియ్యగా, జిగటగా ఉండేది. అది తాగితే రోజుకు రెండు మూడుసార్లు దొడ్డికి పరుగెత్తాలి. పరుగెత్తడానికే ఇచ్చారది. ఒంట్లో పుట్టే విషాన్ని కాలేయం విరవలేదు కాబట్టి ఆ దారిన బయటికి పోవాలి, పోకపోతే మెదడుకెక్కి మనిషికి తికమక వస్తుంది అని డాక్టరమ్మ మొగుడూపెళ్ళాలిద్దరికీ చెప్పింది. ఇద్దరూ బుద్ధిగా తలూపారు. ఆ తికమక ఎలా ఉంటుందో ఆవిడా చెప్పలేదు, వీళ్ళూ అడగలేదు.

ఓనరు మంచివాడు కాబట్టి పనిలోంచి తీసెయ్యలేదు. స్పిరిట్ పని మాన్పించి, ఉప్పు కాగితంతో చెక్క నున్నగా రుద్దే పని ఇచ్చాడు. “తినడానికి లేని ఉప్పు రుద్దడానికైనా దొరికింది” అని మేస్త్రి తనమీద తనే జోకు వేసుకున్నాడు. పాలిష్ కావాలంటే నీళ్ళలో కలిపే కొత్తరకం రంగులున్నాయి, వాసనా వర్ణమూ లేనివి. వాటితోనే ఏదో నడిపేవాడు. అయినా సాయంత్రం షాపు వెనక కుళాయి దగ్గర సబ్బుతో ఒళ్ళు తోముకుని, ఉతికిన చొక్కా మార్చుకుని గానీ ఇంటికి బయల్దేరేవాడు కాదు. దొంగతనం చెయ్యనివాడు అన్నిసార్లు చేతులు కడుక్కోవడం చూసి ఓనరు నవ్వేవాడు.

ఇంట్లో పరిస్థితి చెప్పాలంటే, భార్య ఆయనకు ఏ లోటూ చెయ్యలేదు. మాత్రలు వేళకు గుర్తు చేసేది. పొట్ట ఉబ్బిందా, కాళ్ళు వాచాయా అని వేలితో నొక్కి చూసేది. నర్సుకైనా అంత శ్రద్ధ ఉంటుందా అన్నట్టు ఉండేది. ఆ శ్రద్ధే ఆయనకు గుబులు పుట్టించేది. పోట్లాడేది కాదు, ఎదురు చెప్పేది కాదు, అలిగేది కాదు. రోజూ సాయంత్రం కూతురు ఫోను చేసి, “అంతా బాగానే ఉందామ్మా?” అని అడిగేది. అంటే నాన్న తాగలేదు కదా అని. “బాగానే ఉందే” అనేది ఈమె. ఆ గొంతులో ఇంకా ఒక మాట మిగిలిపోయినట్టు మేస్త్రికి అనిపించేది. ఇవాళ్టికి బాగానే ఉంది అన్నట్టు. ఆయన పక్కగదిలో పడుకుని వినేవాడు. ఏం చేస్తే ఈమెకు నమ్మకం కలుగుతుందో ఆయనకు తోచేది కాదు.

అలాంటి రోజుల్లో షాపుకు ఒక డ్రెస్సింగ్ టేబులు వచ్చింది. ఎవరో పెద్దావిడ తన తల్లి వాడుకున్నదంటూ ఆటోలో వేసుకుని తెచ్చింది. పాత టేకు. అద్దం చుట్టూ తీగచెక్కడం. పైన ఎన్నో ఏళ్ళ మురికి. ఆవిడకు కొత్తరకం రంగులు వద్దట, అమ్మ కాలంలో ఎలా ఉండేదో అలాగే కావాలట. షాపులో మిగతావాళ్ళంతా మరతో పిచికారీ కొట్టేవాళ్ళు, గుడ్డ ఉండ పట్టుకోవడం ఒక్కడికీ రాదు. ఓనరు గొణిగాడు, “నీకు పడదు మేస్త్రీ, వెనక్కి పంపించేస్తాలే” అన్నాడు. మేస్త్రి ఆ చెక్క మీద అరచెయ్యి పెట్టాడు. తియ్యబుద్ధి కాలేదు. ముక్కుకు గుడ్డ కట్టుకుంటాను, పెరట్లో గాలిలో పెట్టుకుని చేస్తాను, నాలుగు రోజుల పని అన్నాడు. ఓనరు కాసేపు వద్దని, తర్వాత సరే అన్నాడు.

ఎన్నాళ్ళకో ఆ ఉండ చేతిలోకి వచ్చింది. మొదటి సున్నా చుట్టేసరికి భుజానికి పాత సంగతులన్నీ గుర్తొచ్చాయి. తాగాలనిపించిందా అంటే, ఆ వాసనకు మొదటిరోజు గొంతు ఆరిపోయిన మాట నిజమే. మంచినీళ్ళు తాగి ఊరుకున్నాడు. అంతకన్నా ఎక్కువగా ఆయనకు పెళ్ళైన కొత్త గుర్తొచ్చింది, ఆ చొక్కా మొహానికి ఆనించుకున్న పిల్ల గుర్తొచ్చింది. ఆ పిల్ల ఇప్పుడు తన ఇంట్లోనే, తన వంటింట్లోనే ఉంది. ఉన్నా అందడం లేదు. ఇది ఎవరితో చెప్పుకుంటాడు? గుడ్డ ముంచి, చుట్టుకుంటూ పోయాడు.

చిక్కంతా సిరప్‌తో వచ్చింది. ఈ పాలిష్ మొదలుపెట్టాక పొర మధ్యలో ఆపకూడదు. ఆపితే అక్కడ అతుకు పడుతుంది, ఎంత రుద్దినా పోదు. షాపువాళ్ళ దొడ్డి చూస్తే సందు చివర ఉంది. కాబట్టి పని అయ్యేదాకా సిరప్ మానేద్దాం, అయ్యాక రెట్టింపు తాగుదాం అని మన మేస్త్రిగారి మహా ఆలోచన. భార్య చెంచాలో పోసి ఇస్తే నోట్లో పెట్టుకుని, పెరట్లోకి వెళ్ళి ఉమ్మేసేవాడు. దాచడంలో చెయ్యి తిరిగిన మనిషి కదా, ఆ పాత విద్య ఇలా పనికొచ్చింది. నాలుగేళ్ళలో ఆమె దగ్గర ఆయన దాచినవి రెండే, ఈ సిరప్ సంగతీ, రోజూ కుళాయి దగ్గర కడిగేసుకొచ్చే స్పిరిట్ వాసనా. ఒంట్లో మాత్రం కదలిక ఆగిపోయింది. రాత్రుళ్ళు నిద్ర పట్టడం మానేసి, పగలు కునికిపాట్లు మొదలయ్యాయి. చేతులు వణికితే వయసు అనుకున్నాడు.

చివరి రోజు మధ్యాహ్నం ఓనరు పెరట్లోకి వచ్చేసరికి మేస్త్రి ఎంతో శ్రద్ధగా అద్దానికి పాలిష్ వేస్తున్నాడు. చెక్కకు కాదు, అద్దానికి. “అద్దానికి పాలిష్ ఏంటి మేస్త్రీ?” అంటే తిరిగి చూసి నవ్వాడు. ఆ నవ్వు ఓనరుకు నచ్చలేదు. ఎండదెబ్బో ఏమో, ఇంటికెళ్ళి పడుకోమని ఆటో పిలిచి ఎక్కించాడు. ఆ కంగారులో కుళాయి దగ్గర స్నానమూ లేదు, చొక్కా మార్చుకోవడమూ లేదు. కళ్ళజోడూ, అన్నం గిన్నె కూడా అక్కడే ఉండిపోయాయి.

ఇంటి గుమ్మంలో ఆయన చెప్పులు విప్పబోయాడు. కాలికి చెయ్యి అందలేదు. గోడ పట్టుకుందామంటే గోడ కొంచెం అవతలికి జరిగినట్టుంది. ఏదో అనబోతే నాలుక మందంగా అడ్డుపడింది. ఆమె మిషను మీంచి లేచి వచ్చింది. ఈసారి దగ్గరికి వచ్చి వాసన చూడాల్సిన పని లేకపోయింది, గది మొత్తం స్పిరిట్ వాసనే. ఊగుతున్న మనిషి, ముద్దమాట, వెర్రినవ్వు. పాతికేళ్ళు చూసిన బొమ్మే కదా, ఆమెకు ఎవరో చెప్పాలా? చాప తెచ్చి పరిచింది. దిండు వేసింది. చెంబుతో నీళ్ళు, బకెట్టు పెట్టింది. లోపలికి వెళ్ళి గడియ వేసింది.

తర్వాతి సంగతులు ఆయనకు ముక్కలు ముక్కలుగానే గుర్తున్నాయి. గడియ పడిన చప్పుడు మాత్రం బాగా గుర్తుంది. నేను తాగలేదు అని చెప్పాలి. చెప్పడానికి మాటలు కావాలి. ఆ తియ్యటిది, చెంచాలో పోసేది, దాని పేరేంటి? దాని పేరు దొరికితే చాలు, ఆమెకు అర్థమైపోతుంది. ఎంత వెతికినా దొరకలేదు. తలుపు కొట్టాడు. కొడుతుంటే లోపల మిషను చప్పుడు మొదలైంది. ఆయన ఇంకా కొట్టాడు, మిషను ఇంకా వేగంగా నడిచింది. కాసేపటికి ఎందుకు కొడుతున్నాడో మరిచిపోయి, తలుపుకు చెంప ఆనించి అలాగే జారి కూర్చున్నాడు.

పొద్దు వాలే వేళకు ఓనరు కళ్ళజోడూ, గిన్నే పట్టుకుని వచ్చాడు. ముందుగదిలో మేస్త్రి చాప మీద సగం, నేల మీద సగం పడి ఉన్నాడు. పిలిస్తే కళ్ళు తెరిచి, ఎవరో కొత్తమనిషిని చూసినట్టు చూశాడు. బట్టలు పాడైపోయి ఉన్నాయి. ఓనరు తలుపు తట్టి, మనిషిని ఇలా వదిలేశావేంటమ్మా అని కేకేశాడు. తెల్లారితే తెరుస్తాలే అన్నయ్యగారూ, మీకు తెలియని సంగతేముంది అని ఆమె లోపల్నుంచే జవాబిచ్చింది.

“తాగాడనుకుంటున్నావా చెల్లెమ్మా?” అన్నాడు ఓనరు. “పొద్దుటి నుంచీ నేను ఆటో ఎక్కించేదాకా నా కళ్ళెదురుగానే ఉన్నాడు. మంచినీళ్ళు తప్ప ఇంకోటి ముట్టలేదు. ఆ వాసన పని వాసన.”

మిషను ఆగింది. గడియ తీసిన చప్పుడైంది. ఆ తర్వాత ఆమె ఆయన్ని ఎలా లేపిందో, ఓనరు కారులో ఒళ్ళో తల పెట్టుకుని ఎలా కూర్చుందో మేస్త్రికి తెలియదు. జీవితంలో దేనికోసం ఎదురుచూశాడో అది ఆ దారిలో దొరికింది గానీ, ఆయనకు స్పృహ లేదు. అదేం ఖర్మో.

ఆసుపత్రిలో ఎనిమా ఇచ్చి కడుపు కడిగారు, ముక్కులోంచి గొట్టం వేసి అదే సిరప్ పోశారు. రెండోనాటికి మేస్త్రికి తన పేరు తెలిసింది. మూడోనాటికి తను ఏం చేశాడో తెలిసింది. డాక్టరమ్మ వచ్చి, బస్సు ఆపేటప్పటిలా చేతులు ముందుకు చాచమంది. మణికట్లు రెక్కల్లా టపటపా కొట్టుకున్నాయి. ఇంకా పూర్తిగా తగ్గలేదంది. సిరప్ మానేయడం వల్లే ఇదంతా, స్పిరిట్ వాసన వల్ల కాదు, అయినా ఇక ఆ పని ముట్టుకోవద్దంది. తెల్లారేదాకా ఆగి ఉంటే తన చేతుల్లో ఉండేది కాదని కూడా అంది. అది వింటూ భార్య కొంగు చివర మెలిపెడుతూ నిలబడింది. అచ్చం తాగినట్టే ఎలా ఉంటుంది డాక్టరుగారూ అని అడిగింది. తాగుడైనా ఈ విషమైనా దెబ్బకొట్టేది ఒకే మెదడును కదమ్మా, డాక్టర్లే ఒక్కోసారి పొరపడతారు, నేను ముందే సరిగ్గా చెప్పాల్సింది అని డాక్టరమ్మ పక్కమంచం దగ్గరికి వెళ్ళిపోయింది.

ఇద్దరే మిగిలారు. ఆమె స్టూలు మీద కూర్చుంది. సిరప్ ఉమ్మేసిన సంగతీ, డ్రెస్సింగ్ టేబులు సంగతీ ఆయన చెప్పుకొచ్చాడు. ఓనరు ముందే చెప్పాడని ఆమె అంది. కిటికీ అవతల రోడ్డు మీద బస్సులు ఆగుతున్నాయి, పోతున్నాయి. ఆమె అడిగింది.

“మీకు నామీద కోపం రాలేదా?”

“నీమీద కోపమెందుకు? నీ తప్పేముంది? ఇన్నేళ్ళు నేను చేసినదానికి...”

“ఆ పాట ఆపండి. నాలుగేళ్ళ నుంచీ అదే వింటున్నా. ఏమన్నా నా తప్పే, నా ఖర్మే అంటారు. మనిషితో కాపురం చేస్తున్నానా, క్షమాపణతో చేస్తున్నానా? కోపం వచ్చిందా లేదా, అది చెప్పండి.”

ఆయన పైకప్పు వంక చూశాడు. రాలేదు అందామనే నోరు తెరిచాడు. కడుపులోంచి వేరే మాట వచ్చింది.

“వచ్చింది. తలుపు కొట్టాను.”

“కొట్టారు.”

“వినపడిందా?”

“వినపడింది. వినపడకూడదనే మిషను తొక్కాను.”

“ఎలా తొక్కావే?” అన్నాడు ఆయన. “చచ్చిపోతున్నానే అక్కడ.”

ఆమె ఏడుస్తుందనుకున్నాడు. ఆమె ఏడవలేదు. స్టూలు కొంచెం ముందుకు జరుపుకుని, తలవంచుకుని, కర్టెన్ కొలత చెప్పినంత మామూలుగా చెప్పింది.

“మీరు తాగొచ్చారనుకున్నప్పుడు నాకేమనిపించిందో తెలుసా? కోపం రాలేదు. ఏడుపూ రాలేదు. హమ్మయ్య అనిపించింది. నాలుగేళ్ళుగా రోజూ సాయంత్రం మీ అడుగుల చప్పుడు వినగానే, ఇవాళేనేమో, ఇవాళేనేమో అని చచ్చేదాన్ని. పడాల్సింది పడిపోయింది, ఇక ఎదురుచూడక్కర్లేదు అనుకున్నా. మీరు తలుపు బాదుతుంటే లోపల కూర్చుని కర్టెన్ కుట్టాను. చెయ్యి వణకలేదు. అంత బాగా ఈమధ్య ఎప్పుడూ కుట్టలేదు.” కొంగు చివర మళ్ళీ మెలిపెట్టింది. “మీరు తాగలేదని అన్నయ్యగారు అనగానే భయమేసింది. మీరు పోతారేమోనని, అదీ ఉంది. అంతకన్నా ఎక్కువగా, ఇక మిమ్మల్ని నమ్మాలి కదా అని. మళ్ళీ ఆశ పెట్టుకోవాలి కదా. నాకా ఓపిక ఉందో లేదో తెలియదు.”

మేస్త్రి ఆమె వంచిన తల వంక చూశాడు. తను రోజూ గుమ్మంలో నిలబడి ఒక్క దగ్గరితనం కోసం ఆశపడుతుంటే, అవతలి మనిషి రోజూ అదే గుమ్మంలోకి గుండె చిక్కబట్టుకుని వచ్చిందన్నమాట. తనది ఒక్కడి ఆకలే అనుకున్నాడు ఇన్నాళ్ళూ. ఆమె మీద జాలేసింది, ఆ మిషను చప్పుడు గుర్తొచ్చి కోపమూ వేసింది. రెండూ పోలేదు. ఓదార్చడానికి ఏదో అనాలనుకున్నాడు. ఇంకెప్పుడూ తాగనే అని ప్రమాణం చెయ్యొచ్చు. అలాంటి ప్రమాణాలు ఆమె కొంగున ఎన్ని మూటలున్నాయో ఆయనకు తెలుసు.

కిటికీలో వెలుతురు పలచబడింది. ఆమె లేచి గ్లాసు కడిగి బోర్లించింది. దుప్పటి సర్దింది. మాత్ర ఎప్పుడు వేసుకోవాలో చెప్పింది. ఇంటికెళ్ళి ఇంత వండి పెట్టుకుని, కూతురు వస్తానంది కాబట్టి పక్క సర్ది, పొద్దున్నే వస్తానంటూ సంచీ భుజానికి తగిలించుకుంది. ఈ నాలుగేళ్ళలో ఆయన ఆమెను ఏదీ అడిగి ఎరగడు. వెళ్తానంటే జాగ్రత్తగా వెళ్ళు అనేవాడు, పెట్టింది తినేవాడు, వెయ్యమన్న మాత్ర వేసుకునేవాడు. అడిగే హక్కు పోగొట్టుకున్నానని ఆయన లెక్క.

“వెళ్ళకు” అన్నాడు.

ఆమె గుమ్మం దగ్గర ఆగింది. “ఏం? నొప్పిగా ఉందా? నర్సుని పిలవనా?”

“నర్సు ఎందుకు? నువ్వు కావాలి. కాసేపు కూర్చో.”

“బస్సు పోతుంది.”

“పోనీ.”

ఆమె ఆయన వంక ఎగాదిగా చూసింది. ఆ బస్సు పోతే ఇంకోదానికి ఎంతసేపు నిలబడాలో మీకేం తెలుసు, మంచం మీద పడుకుని పోనీ అనడం ఎవరికైనా చేతనవుతుంది, వంట మీరొచ్చి చేస్తారా, పొద్దుటి నుంచీ నా నడుం ఏమైందో అడిగారా అని విసుక్కుంది. ఎన్నేళ్ళైందో ఆ గొంతు విని. ఆయన వింటూ పడుకున్నాడు. కింద రోడ్డు మీద బస్సు వచ్చి ఆగింది. కాసేపుండి కదిలింది.

ఆమె సంచీ తీసి స్టూలు మీద పెట్టింది.

“కాళ్ళు అటు జరపండి” అని మంచం మీద కూర్చుంది.